పేరు రాయనక్కర్లేని ఫారం

ఆ ఫారాలు ఒక అట్టపెట్టెలో వచ్చాయి. నేను హైవే పక్కనున్న ఒక మండల కేంద్రంలో, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ప్రిన్సిపాల్ సార్ ఆ పెట్టెను నా బల్ల మీద పెట్టించి, "పిల్లోళ్లు మీ మాట వింటారు మేడం. ఈ పని మీరే చేయించండి" అన్నారు. ఏ ప్రాంతం విద్యార్థుల్లో ఏ మత్తు అలవాటు ఎక్కువవుతోందో తెలుసుకునే సర్వే అది. రెండు పేజీల ప్రశ్నలు, ఎదురుగా టిక్కు పెట్టడానికి గళ్లు. పేరు రాయనక్కర్లేదు. రోల్ నంబరు కూడా అక్కర్లేదు.

అంతకు వారం ముందు అనంతపురంలో మాకు ఒకరోజు శిక్షణ ఇచ్చారు. పొద్దున చెప్పిన పాఠం పెద్దగా గుర్తులేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర విన్నదే గుర్తుంది. కళ్యాణదుర్గం తట్టు నుంచి వచ్చిన లెక్చరర్ ఒకాయన, తన పిల్లలు వైట్‌నర్ సీసాలు అన్నేసి ఎందుకు కొంటున్నారో తెలుసుకోవడానికి తనకు ఏడాది పట్టిందన్నాడు. "రాతలో తప్పులు ఎక్కువ పోతాండాయేమో అనుకుంటిని" అని ఆయనంటే ముందు అందరం నవ్వాం. అది పీల్చడానికని అర్థమయ్యాక ఎవరూ నవ్వలేదు. తనకల్లు వైపు పనిచేసే ఆయన పంక్చర్లు అంటించే బంక గురించి చెప్పాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒకావిడ, అక్కడ గంజాయి చాక్లెట్ కాగితంలో చుట్టి వస్తుందనీ, ఆడపిల్లల సంచుల్లో కూడా దొరికిందనీ చెప్పింది. బెంగళూరు హాస్టళ్లలో ఇంకేవేవో బిళ్లలు తిరుగుతున్నాయని మరొకరన్నారు. ఎక్కడ ఏది చేతికందితే అక్కడి పిల్లలకు అది అలవాటవుతోంది, అంతే.

నా వంతు వచ్చినప్పుడు, "మా దగ్గర అట్లాంటివేం లేవప్పా. మావాళ్లు మహా అయితే గోడ వెనక బీడీ తాగుతారు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఫారాలు పంచిన రోజు సెకండియర్ క్లాసు దాదాపు నిండుగా ఉంది. "మీరేం రాసినా పేరుండదు. ఎవరు ఏం రాసినారో నేను చూడను. నిజం రాయండి" అని చెప్పాను. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆడపిల్లలు అన్నిటికీ ‘లేదు’ అన్న గడిలో టిక్కులు పెట్టేసి ఐదు నిమిషాల్లో ఇచ్చేశారు. మగపిల్లలు ఒకరి ఫారం ఒకరు తొంగి చూసుకుంటుంటే కసిరాను. అన్నీ కలిపి, తిరగేసి, ఒక కవర్లో పెట్టుకున్నాను.

ఆ కవర్ అట్లాగే అంటించి పంపే వీలుంటే నాకేమీ తెలిసేది కాదు. కానీ ఏ ప్రశ్నకు ఎన్ని టిక్కులు పడ్డాయో కూడి ఒక పెద్ద కాగితంలో ఎక్కించే పని కూడా మాకే పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక డైనింగ్ టేబుల్ తుడిచి, ఫారాలు పరుచుకుని కూర్చున్నాను. రెండో పేజీ చివర ‘ఇంకేమైనా చెప్పదలచుకుంటే’ అని రెండు గీతలున్నాయి. చాలామంది ఖాళీగా వదిలేశారు. ఒకడు తన అభిమాన హీరో పేరు రాశాడు. ఒక ఫారంలో మాత్రం, నొప్పి బిళ్లల దగ్గర ‘రోజూ’ అన్న గడిలో, గంజాయి దగ్గర ‘అప్పుడప్పుడు’ అన్న గడిలో టిక్కులున్నాయి. చివరి గీతల మీద ఒకే వాక్యం.

"ఎవరికన్నా చెప్తే ఏమైతాది?"

ఆ చేతిరాత నాకు తెలుసు. ఒత్తులు అక్షరం కింద నిలబడకుండా కుడివైపుకు జారి, కింది గీతకు తగులుకుని ఉంటాయి. ఫస్టియర్ నుంచీ ఆ రాతతో ఉన్న రికార్డు పుస్తకాన్ని దిద్దుతున్నాను. ఒత్తులు సరిగ్గా పెట్టమని ఎన్నిసార్లు ఎర్ర ఇంకుతో చుట్టానో. చూడనని మాటిచ్చి చూశాను. ఒకసారి చూశాక చూడనట్టు ఉండలేకపోయాను.

ఆ అబ్బాయిది హైవేకి నాలుగు కిలోమీటర్ల లోపలున్న పల్లె. తండ్రికి గొర్రెల మంద ఉంది. తల్లి పొద్దున్నే కంపెనీ బస్సెక్కి గార్మెంట్ ఫ్యాక్టరీకి పోతుంది. వీడొక్కడే కొడుకు. మా కాలేజీలో కాండం అడ్డుకోత బొమ్మను వాడంత శుభ్రంగా గీసేవాళ్లు లేరు. అయినా వాడి ధ్యాస బొమ్మల మీద కాదు, ఆర్మీ మీద. మా ప్రాంతంలో వానలు నమ్ముకునే ఇళ్లలో మగపిల్లలకు ఆర్మీ, పోలీసు తప్ప ఇంకో దారి కనపడదు. తెల్లారేసరికి హైవే సర్వీసు రోడ్డు మీద పదిపదిహేను మంది పరుగెత్తుతుంటారు. నేను బస్సు కోసం నిలబడి ఉంటే వీడు చెమటలు కారుతూ ఆగి, "నమస్తే మేడం" అని మళ్లీ పరుగు అందుకునేవాడు. ఆ ఏడు మోకాలికి గుడ్డ పట్టీ కట్టుకుని పరుగెత్తడం చూశాను. చూసి, పట్టుదల గల పిల్లోడని మురిసిపోయాను.

ఫారాలు కట్టగట్టి పంపేశాను. పదకొండు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. పేరు రాయొద్దన్నాను కాబట్టి పేరు తెలియనట్టే ఉండాలని ఒకరోజు అనుకునేదాన్ని. చెప్తే ఏమవుతుందని వాడు అడిగాడంటే ఎవరో ఒకరు పలకాలనే కదా అని మరునాడు అనుకునేదాన్ని. క్లాసులో వాడు నోట్సు రాసుకుంటుంటే వాడి చేతి వంక చూస్తూ పాఠం మధ్యలో ఆగిపోయేదాన్ని.

పన్నెండో రోజు, ల్యాబులో సీసాలకు కొత్త లేబుళ్లు అంటించాలని చెప్పి, సాయంత్రం వాణ్ణి ఉండమన్నాను. కాసేపు ఇద్దరం పని చేశాం.

"మోకాలు ఎట్లుండాదిరా?" అని అడిగాను.

"బాగుండాది మేడం."

"నొప్పికి ఏమన్నా మింగుతాండావా?"

వాడి చేయి ఆగిపోయింది. లేబుల్ వేలికి అంటుకుని ఉంది. తలెత్తకుండానే అన్నాడు.

"పేరు రాయద్దంటిరి గదా మేడం."

"నువ్వు రాయలేదులే. నీ రాత నాకు తెలుసు."

"చూడనంటిరి గూడా."

తప్పయిందిరా అన్నాను. వాడు భయపడింది మాత్రం నా తప్పు గురించి కాదు. "ఎవరికన్నా చెప్పినారా? మా నాయనకు చెప్పద్దండి మేడం. కొడతాడని కాదు. కొట్టడు. మంద కాడ ఒక్కడే కూచోని ఏడుస్తాడు" అన్నాడు.

తర్వాత తానే చెప్పుకొచ్చాడు. మోకాలు నొప్పితో పరుగులో వెనకబడుతుంటే, తమతోపాటు పరుగెత్తే ఒక పెద్ద పిల్లోడు బిళ్ల ఇచ్చాడు. ఆరోజు నొప్పే తెలియలేదట. రెండు నెలలకు నొప్పి ఉన్నా లేకున్నా అది కావాల్సి వచ్చింది. "అది లేకుంటే పొద్దున పక్క మీంచి లెయ్యలేను మేడం. ఒళ్లంతా చీమలు పాకినట్టుంటాది." గంజాయి సంగతి అడిగితే, "అది వేరేవాళ్లు. వాళ్ల పేర్లు అడగద్దండి" అన్నాడు. చివరికి నా కళ్లలోకి చూసి, "సెలక్షన్ అయిపోతానే ఇడిసేస్తా. ఒట్టు మేడం" అన్నాడు.

నేను నమ్మాను. ఇప్పుడు ఆలోచిస్తే, నమ్మడం నాకు సుళువుగా ఉండింది కాబట్టి నమ్మానేమో. ఆసుపత్రికి పోదాం రమ్మంటే, సెలక్షన్ ముందు ఆసుపత్రిలో పేరెక్కితే తన పని అయిపోతుందన్నాడు. ఎక్కదని నేను గట్టిగా చెప్పలేకపోయాను, నాకూ తెలియదు మరి.

పేరు చెప్పకుండా ప్రిన్సిపాల్ సార్‌ను అడిగి చూశాను. ఆయన చెడ్డవాడు కాదు. తలుపు దగ్గరికేసి వచ్చి కూర్చున్నారు. "రాత చూసి ఇట్ల పట్టుకున్నామని తెలిస్తే రేపు ఏ పిలగాడన్నా నిజం రాస్తాడా? పోలీసోళ్లకు పోతే వాని మీద కేసు. ఇంట్లో చెప్తే చదువు మాన్పిస్తారు. చెప్పకుంటే మనం గమ్మునున్నట్టు. ఏం చేద్దామంటారు మేడం? మీరే చెప్పండి" అన్నారు. నిజంగానే అడిగారు. నేను లేచి వచ్చేశాను.

మా ఇంటికి ఎన్నో ఏళ్లుగా మందులిచ్చే షాపాయన దగ్గరికి కూడా వెళ్లాను. వాడి దగ్గర తెలుసుకున్న బిళ్ల పేరు చెప్పగానే ఆయన ముఖం మారింది. "మా కాడ డాక్టరు చీటీ లేకుండా ఈయం మేడం. మీరు ఈ ఊర్లో అన్ని అంగళ్లు మూయించినా, వాళ్లు బస్సెక్కి పోయి తెచ్చుకుంటారు. బెంగళూరు ఎంత దూరం?" అన్నాడు. మా అమ్మ బీపీ మందు అడక్కుండానే కవర్లో పెట్టి ఇచ్చాడు. తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత నేను చేసినదల్లా, వాడు కనిపించినప్పుడల్లా "తగ్గించినావా?" అని అడగడం. వాడు "తగ్గించినా మేడం" అనడం. కాలేజీలో మత్తుకు వ్యతిరేకంగా ఊరేగింపు తీస్తే, బొమ్మలు బాగా వేస్తాడని ఎవరో వాడికే నినాదాల అట్టలు రాసే పని అప్పజెప్పారు. వాడు రాశాడు. పట్టుకుని నడిచాడు కూడా. నన్ను దాటుకుని పోతున్నప్పుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

చలికాలం మొదట్లో ఆర్మీ సెలక్షన్లు జరిగాయి. వాడు రెండు రౌండ్లు పరుగెత్తి, మూడో రౌండులో ట్రాక్ మీదే కూలబడ్డాడని తోటి పిల్లలు చెప్పారు. గుండె దడదడలాడి ఊపిరి అందలేదట. వారం రోజులు కాలేజీకి రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంటికి వెళ్దామనుకుంటూనే ఆగాను. వెళ్తే తండ్రి ముందు ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఎనిమిదో రోజు వాడి తల్లే కాలేజీకి వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన గుర్తింపు కార్డు మెడలో అట్లాగే ఉంది, సగం పనిలోంచి వచ్చినట్టుంది. స్టాఫ్ రూం బయట వేపచెట్టు కింద నిలబడి మాట్లాడింది.

"మా పిలగానికి ఏమో అయిపోయినాది మేడం. ఓడిపోయొచ్చినంక ఏమేమో బిళ్లలు మింగుతాంటే వాళ్ల నాయన లాక్కోని కాలవలో పారేసినాడు. మూడు దినాలుగా వణుకుతాండాడు. అన్నం నోట్లో పెడితే కక్కుతాండాడు. నిన్న నాయన్నే నూకేసినాడు. ఆయప్ప గోడకు పడినాడు." ఆమె ఏడవలేదు. కొంగు చివర వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. ఉన్నట్టుండి అడిగింది. "మీకు ముందే తెలుసునా మేడం? మీరంటే వానికి చానా ఇది. మీకేమన్నా చెప్పినాడా?"

"లేదమ్మా. నువ్వు చెప్తాంటే ఇప్పుడే వింటాండా" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఆలోచించి అన్న అబద్ధం కాదు, అడగ్గానే నోట్లోంచి వచ్చేసింది. ఆమె తల ఊపి, "మీకు చెప్పింటే మీరు ఊరుకుంటారా" అంది.

మరునాడే సెలవు పెట్టి, వాణ్ణీ తల్లినీ తీసుకుని అనంతపురం పెద్దాసుపత్రికి వెళ్లాను. తండ్రి మందను వదిలి రాలేనన్నాడట. అసలు సంగతి, కొడుకును ఆ స్థితిలో బస్సులో చూడలేక. వాడు దారిపొడుగునా కిటికీ చువ్వకు నుదురు ఆనించి కూర్చున్నాడు. తల్లి ముందు మాత్రం నన్ను పట్టివ్వలేదు.

అలవాటు మాన్పించే వార్డులో డాక్టరు చిన్నవాడు, ఓపిక గలవాడు. "ఎన్నాళ్ల నుంచి?" అంటే వాడు చెప్పాడు. "ఇంకా ముదరక ముందే తీసుకొచ్చారు, మంచిపని చేశారు" అని డాక్టరు నా వైపు చూసి అన్నాడు. తల్లి కూడా నా వైపు చూసింది. కళ్లల్లో కృతజ్ఞత. ఆ చూపుకు తలదించుకోవడం తప్ప నాకు ఇంకేమీ చేతకాలేదు.

పన్నెండు రోజులు వాడు అక్కడ ఉన్నాడు. నేను రెండుసార్లు చూడబోయాను. పక్క మంచం మీద బెంగళూరులో ఇంజినీరింగ్ చదువుతూ మధ్యలో ఇంటికి వచ్చేసిన అబ్బాయి. ఆ పక్కన తనకల్లు వైపు పల్లె నుంచి వచ్చిన టెన్త్ పిల్లవాడు. బంక పీల్చి పీల్చి వాడి పెదవుల చుట్టూ చర్మం పొక్కిపోయి ఉంది. నేను భోజనాల దగ్గర విన్న ఊళ్లన్నీ ఆ గదిలో మంచాల మీద పడుకుని ఉన్నాయి. ప్రతి మంచం దగ్గరా ఒక తల్లో తండ్రో నీళ్ల సీసా పట్టుకుని కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

రెండోసారి వెళ్లినప్పుడు తిరుగు బస్సులో వాడి తల్లి నా పక్కన కూర్చుంది. ఇంటికి పోయి బట్టలు తెచ్చుకోవడానికి వస్తోంది. సోమందేపల్లె దాకా మామూలు మాటలే మాట్లాడుకున్నాం. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ సెలవులు ఇవ్వడం లేదని చెప్పింది. వానల్లేక ఈసారి శనక్కాయకు ఊడలు కూడా దిగలేదంది. అప్పుడు నేను చెప్పేశాను.

"అమ్మా, ఆరోజు నీకు అబద్ధం చెప్పినా. నాకు ముందే తెలుసు."

బస్సు హోరులో వినపడలేదేమో అనుకున్నాను. ఆమె కిటికీ వైపు తిరిగే ఉంది.

"ఎన్నాళ్ల ముందు?"

"నాలుగు నెల్లు."

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కేసుకుంది. "చెప్పింటే మేమేం చేసిందుమో మాకూ తెలీదు మేడం. కొట్టిందుమేమో. గుడికి తీసుకపోయిందుమేమో." తర్వాత మెల్లగా అంది. "అయినా చెప్పింటే బాగుండు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏదో ఒక సమాధానం చెప్పుకునేదాన్ని. తన స్టేజీ రాగానే లేచి, సంచి భుజాన వేసుకుని దిగిపోయింది. ఎప్పుడూ "వస్తా మేడం" అనే మనిషి ఆరోజు అనలేదు.

వాడు తిరిగొచ్చాక రెండు మూడు నెలలు బాగున్నాడు. తండ్రితో మందకు పోయేవాడట. పరీక్షలు రాశాడు, ఫిజిక్సులో తప్పాడు. ఆ వేసవిలోనే సర్వే ఫలితాలు వచ్చాయి. ప్రాంతాల వారీగా రంగులు వేసిన ఒక పటం అది. ఎక్కువ ఉన్నచోట ఎరుపు, ఓ మాదిరిగా ఉన్నచోట పసుపు. మా మండలం ఆకుపచ్చగా ఉంది. ప్రిన్సిపాల్ సార్ దాన్ని నోటీసు బోర్డుకు పెట్టించబోయి, నన్ను చూసి, మళ్లీ మడిచి బీరువాలో పెట్టేశారు. ఆ పచ్చరంగు అబద్ధమని అనలేను. ముప్పైచిల్లర మందిలో ఒకడంటే లెక్కలో తక్కువే మరి.

వానాకాలం మొదట్లో వాడి తండ్రి ఫోన్ చేశాడు. ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు. "మళ్లా మొదలు పెట్టినాడు మేడం. ఆసుపత్రికి పోదాం రారా అంటే, ఆడ చేసేదేమి లేదు, నాకు తెలుసు అంటాండాడు. ఏం చేసేది? మీరన్నా చెప్పండి వానికి" అన్నాడు. వెనక గొర్రెల అరుపులు వినపడుతున్నాయి. చెప్తానన్నాను. చెప్పడానికి పల్లెకు పోయేసరికి వాడు అప్పటికే బెంగళూరు వెళ్లిపోయాడు. ఏదో గోడౌనులో సామాన్లు సర్దే పని. తల్లి ఫ్యాక్టరీలో ఉంది. తండ్రి నాకు మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మజ్జిగ తాగి, గ్లాసు ఆయన చేతికిచ్చి లేచాను.

వాణ్ణి చివరిసారి చూసింది మరుసటి ఏడు. టీసీ తీసుకోవడానికి కాలేజీకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు. మనిషి చిక్కాడో, లేక ఎండకు నల్లబడ్డాడో. ఆఫీసులో సంతకాలయ్యేదాకా నా దగ్గర కూర్చోమన్నాను. మాట్లాడుతున్నంతసేపూ వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయా, వేళ్లు వణుకుతున్నాయా అని చూస్తూనే ఉన్నాను. అన్నీ మామూలుగానే అనిపించాయి. రెండేళ్లు రోజూ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏమీ కనిపెట్టలేని దాన్ని, ఇప్పుడేం కనిపెడతాను.

"మానేసినావా?" అని నేరుగానే అడిగాను.

"కొన్ని దినాలు మానేస్తా మేడం. కొన్ని దినాలు కాదు."

"నేనేం చేయాల చెప్పురా."

వాడు నవ్వాడు. ఎగతాళి లేదు అందులో. "మీరేం చేస్తారు మేడం" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

డాక్టరు నంబరు మళ్లీ ఒకసారి కాగితం మీద రాసిచ్చాను. మడిచి పర్సులో పెట్టుకున్నాడు. అమ్మ ఎట్లుందని అడిగితే, బాగుందన్నాడు. నన్ను అడిగిందని మాత్రం అనలేదు. క్లర్కు టీసీ తెచ్చిచ్చాడు. వాడు నా కాళ్లకు దండం పెట్టబోతే వద్దని ఆపాను. గేటు దాటి, హైవే దాటి, అవతల బెంగళూరు బస్సెక్కడం స్టాఫ్ రూం కిటికీ నుంచి చూశాను.

ఆ తర్వాత వాడి నంబరు రెండుసార్లు కలిసింది. బాగున్నా మేడం, పనిలో ఉన్నా, మళ్లా చేస్తా అన్నాడు. మూడోసారి చేసినప్పుడు వేరే ఎవరో ఎత్తి, యారు బేకు, ఎవరు కావాలి, అని కన్నడంలో అడిగారు. వాడి పేరు చెప్పాను. అట్లాంటివాళ్లెవరూ ఇక్కడ లేరన్నారు.